మన డయల్ టోన్ దానికి వినపడలేదు

ల్యాండ్‌లైన్ రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే "గుర్ర్ర్..." మని ఒక మోత వస్తుంది. మీలో ఎంతమంది విన్నారో తెలీదు. దాని పేరు డయల్ టోన్. "లైను బాగానే ఉంది, ఇక నంబరు నొక్కుకోండి" అని టెలిఫోన్ ఎక్స్చేంజి మనకి చెప్పే మాట అది. ఆ మోత దేశానికో రకంగా ఉంటుందని నాకు మొన్న వేసవిలో తెలిసింది, రాజమండ్రిలో మా పెదనాన్న మేడ మీద గదిలో ఓ ముసలి యూనిక్స్ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. రోజూ వందల సర్వర్లతో పనే గానీ, వాటిలో ఒక్కదాన్నీ చేత్తో ముట్టుకున్నది లేదు. పెదనాన్న సర్వర్ అలా కాదు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. 90ల్లో ఆయన దానవాయిపేటలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు. "డాస్, యూనిక్స్, సి నేర్పబడును" అని బోర్డు. 1995లో కొన్న 486 మెషీన్ ఒకటి, దానికి వైర్లతో తగిలించిన ఎనిమిది టెర్మినళ్లు. టెర్మినల్ అంటే తెర, కీబోర్డు, అంతే. బుర్ర అంతా మధ్యలో ఉన్న 486దే. దాంట్లో ఎస్‌సీఓ యూనిక్స్ ఉండేది. అప్పట్లో మన బ్యాంకు బ్రాంచీల్లో, బీమా ఆఫీసుల్లో కూడా ఎక్కువగా కనిపించిన సరుకు అదే. అందుకే యూనిక్స్ నేర్చుకుంటే ఉద్యోగం ఖాయం అని కుర్రాళ్లు సైకిళ్లు తొక్కుకుంటూ కడియం నుంచి కూడా వచ్చేవారట.

ఆ మెషీన్ మళ్లీ లేవాల్సిన పని ఎందుకొచ్చిందంటే, అందులో మా బాబాయి ఉత్తరాలున్నాయి.

బాబాయి కాకినాడలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లాడు. 1998 నుంచి 2001 దాకా వారం వారం మా మామ్మకి ఈమెయిల్ రాసేవాడు. పెదనాన్న దాన్ని దించి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద కొట్టి, మామ్మకి చదివి వినిపించేవారు. 2004లో బాబాయి పోయాడు. ప్రింట్ల మీద సిరా వెలిసిపోయి ఇప్పుడు కాగితం మాత్రం మిగిలింది. 2001 తర్వాత రాసినవన్నీ ఏదో ఉచిత మెయిల్ ఖాతాలో ఉండేవి. ఎవరూ తెరవక ఆ ఖాతా ఎప్పుడో మూతపడింది. మామ్మకి ఇప్పుడు ఎనభై ఎనిమిది. "ఆ పెట్టెలో మా చిన్నాడి ఉత్తరాలున్నాయి కదరా, ఓసారి చదివి పెట్టకూడదూ" అని నేను వెళ్లినప్పుడల్లా అడుగుతుంది.

బయటికి దారి ఏది?

దుమ్ము దులిపి, పవర్ సప్లై బయట విడిగా పరీక్షించి, బోర్డు మీద బ్యాటరీ మార్చి స్విచ్ వేస్తే మెషీన్ లేచింది. హార్డ్ డిస్కు మాత్రం "కుయ్" మని ఒకటే మూలుగు. ఇంకోసారి ఆపితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. ఆపకుండానే డేటా బయటికి తీయాలి.

నాలాంటి వాళ్లు వెంటనే అడిగేది, డిస్కు ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలించొచ్చు కదా అని. అది స్కజీ డిస్కు, యాభై పిన్నులది. దానికి పనికొచ్చే అడాప్టర్ రాజమండ్రిలో కాదు కదా, హైదరాబాద్‌లో కూడా అడిగిన వెంటనే దొరికే వస్తువు కాదు. ఫ్లాపీ డ్రైవ్ హెడ్‌కి బూజు. నెట్‌వర్క్ కార్డు అసలు లేనే లేదు. సీరియల్ పోర్టు ఉంది గానీ, గోదావరి గాలికి పిన్నులు పచ్చగా చిలుము పట్టి రెండు విరిగిపోయాయి. మిగిలింది ఒక్కటే. కేబినెట్ వెనక, టెలిఫోన్ వైరు దూర్చే చిన్న చదరపు కన్నం. లోపల బిగించిన మోడెమ్ కార్డుది అది.

మోడెమ్ చేసే పని మాటల్లో చెప్పుకుంటే తేలికే. టెలిఫోన్ తీగ మనిషి గొంతు కోసం పుట్టింది. సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాలనే మోస్తుంది. కంప్యూటర్ దగ్గరేమో ఒకట్లు, సున్నాలు. వాటిని ఆ ఇరుకు సందులో పట్టే ఈలలుగా, గీపురులుగా మార్చి పంపేది ఒక మోడెమ్. అవతల ఆ గోలని విని మళ్లీ ఒకట్లు, సున్నాలు చేసేది ఇంకో మోడెమ్. పాత సినిమాల్లో నెట్ కనెక్ట్ అయ్యేటప్పుడు వినిపించే ఆ కీచు గోల, రెండు మోడెమ్‌లు "నువ్వు ఎంత వేగంగా మాట్లాడగలవు? మధ్యలో లైను ఎంత పాడుగా ఉంది?" అని బేరమాడుకోవడమే.

మరి అవతలి మోడెమ్? అది తేలిగ్గానే తేలింది. ఫ్యాక్స్ కోసం ఇప్పటికీ అమ్మే యూఎస్‌బీ మోడెమ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. అసలు చిక్కు రెండింటి మధ్య లైనే. ఇప్పుడు ఇళ్లకి వస్తున్నది ఫైబర్. అందులో మన గొంతుని ముక్కలు ముక్కలుగా ప్యాకెట్లు చేసి పంపుతారు. మధ్యలో ఒక ముక్క ఆలస్యమైనా మన చెవి సర్దుకుంటుంది, మోడెమ్ సర్దుకోదు. మొబైల్ మరీ అన్యాయం. అది మనిషి గొంతుని గుర్తుపట్టి దాన్నే కుదించి పంపుతుంది, మోడెమ్ ఈలని చెత్త కింద లెక్కగడుతుంది.

అందుకని మాకు మేమే ఎక్స్చేంజి పెట్టుకున్నాం. కోటగుమ్మం దగ్గర పెదనాన్న స్నేహితుడికి ఓ పాత లాడ్జి ఉంది. గదుల ఇంటర్‌కం పెట్టె, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లది, స్టోర్‌రూమ్‌లో పడి ఉంటే అడిగి తెచ్చాం. పాత మెషీన్‌కి 21, నా ల్యాప్‌టాప్‌కి 22, ఓ మామూలు ఫోన్ సెట్టుకి 23. మేడ మీద గదిలో మూడు నంబర్ల టెలిఫోన్ డిపార్ట్‌మెంటు!

ఏటీ అంటే అటెన్షన్

ఉత్తరాలు దించుకున్న రోజుల్లో ఉన్న మోడెమ్ కార్డు ఇది కాదు. 2001 వానల్లో పిడుగు పడి ఫోన్ లైను మీదుగా వచ్చిన కరెంటుకి అది కాలిపోయింది. దాని స్థానంలో సెకండ్ హ్యాండ్‌లో కొని పెట్టిన కార్డు ఇది. ఈలోగా ఇన్‌స్టిట్యూట్‌లోకి విండోస్ వచ్చేసింది, దీన్ని కాన్ఫిగర్ చేసే తీరిక ఎవరికీ చిక్కలేదు. అంటే ఇరవై ఏళ్లకి పైగా అది ఆ మెషీన్‌లో ఉంది గానీ ఆ మెషీన్‌కి పరిచయం కాలేదు.

అదృష్టం ఏంటంటే అది పాత రకం ఐఎస్ఏ కార్డు. 90ల చివర్లో చవకగా వచ్చిన విన్‌మోడెమ్‌లకి సొంత బుర్ర ఉండేది కాదు. ఈలలు వేసే పని కూడా విండోస్ డ్రైవరే చేయాలి. మన దేశంలో లైనక్స్ మొదలుపెట్టిన ఓ తరం మొత్తం వాటితో జుట్టు పీక్కుంది. ఈ కార్డు ఆ బాపతు కాదు. దీని మీదున్న జంపర్లు, అంటే రెండు పిన్నుల మీద తొడిగే చిన్న టోపీలు, చూస్తే రెండో సీరియల్ పోర్టులా నటించేట్టు పెట్టి ఉన్నాయి. బోర్డు మీది అసలు రెండో పోర్టుని బయోస్‌లో పెదనాన్న అప్పుడే ఆపేసి ఉంచారట. కానీ బ్యాటరీ చచ్చిపోయినప్పుడు ఆ సెట్టింగ్ కూడా చెరిగిపోయింది. మెషీన్ లేచిన మొదటిసారే నేను వెళ్లి చూసింది అది. ఇద్దరు ఒకే చిరునామాలో ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు?

యూనిక్స్‌కి ప్రతి పరికరమూ ఒక ఫైలే. ఆ ఫైలుని తెరిచి ఏదైనా రాస్తే పరికరానికి వినపడుతుంది. 'సీయూ' అనే చిన్న ప్రోగ్రామ్‌తో మోడెమ్ ఫైలుని తెరిచి, "ఏటీ" అని కొట్టి ఎంటర్ నొక్కాను.

"ఓకే" అంది.

పెదనాన్న చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఏటీ అంటే అటెన్షన్. 1981లో అమెరికాలో హేస్ కంపెనీ తెచ్చిన స్మార్ట్ మోడెమ్‌తో పుట్టిన భాష ఇది. మోడెమ్‌తో ఏం చెప్పాలన్నా ముందు "ఏటీ" అని పిలవాలి, మన వీధిలో "ఏవండోయ్" అన్నట్టు. మీరు నమ్మరు గానీ మీ జేబులో ఉన్న ఫోన్‌లో కూడా నెట్‌వర్క్ చిప్‌తో మాట్లాడే భాషల్లో ఇదొకటి, ఇప్పటికీ.

అయితే 23కి డయల్ చెయ్యమంటే మాత్రం మెషీన్ "నో డయల్ టోన్" అని చేతులెత్తేసింది. పెదనాన్న అదే లైనుకి ఫోన్ సెట్టు తగిలించి రిసీవర్ నా చెవి దగ్గర పెట్టారు. గుర్ర్ర్ మని నిక్షేపంలా మోగుతోంది.

"దానికి మన టోను తెలీదురా, అమెరికాది" అన్నారు.

అక్షరాలా నిజం. అమెరికాలో డయల్ టోన్ అంటే 350, 440 హెర్ట్జ్ శబ్దాలు రెండూ కలిసి ఆగకుండా వచ్చే "మ్మ్మ్". మనది 400 హెర్ట్జ్ శబ్దం, సెకనుకి 25 సార్లు వణుకుతూ వచ్చేది. ఆ గుర్రుమనే ధ్వని ఆ వణుకుదే. ఆ కార్డు తన దేశపు మోత కోసం చెవి రిక్కించుకుని కూర్చుంది. ఎదురుగా మోగుతున్నది దాని లెక్కలో డయల్ టోనే కాదు.

విరుగుడు నాలుగక్షరాలు. ఏటీఎక్స్3. "టోన్ కోసం చూడకు, గుడ్డిగా నంబరు నొక్కెయ్, ఎంగేజ్ వస్తే మాత్రం చెప్పు" అని దానర్థం. అప్పట్లో డయలప్ వాడిన వాళ్లలో ఈ మంత్రం ఎక్కడో ఒకచోట కాగితం మీద రాసుకోని వాళ్లు తక్కువట. కొట్టాను. రెండు క్షణాలకి 23 మోగింది. పెదనాన్న ఫోనెత్తి "హలో, ఎవరండీ?" అన్నారు.

పరాయి పరికరాన్ని మన లైనుకి అలవాటు చేయడం ఒక దారి. ఇంకో దారి, మన లైనుకి సరిపడే పరికరం మనమే తయారుచేసుకోవడం. 1984లో పెట్టిన సీ-డాట్ చేసింది అదే. ఏసీ గదులు లేకపోయినా, మన ఎండకీ దుమ్ముకీ తట్టుకునే 128 లైన్ల పల్లె ఎక్స్చేంజిని తయారుచేశారు. 1986లో మొదటిది కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. మన ఊళ్లలో ఎస్టీడీ బూత్‌లు వెలిసింది ఆ తర్వాతి సంవత్సరాల్లోనే. ఈ కథలో ఆ బూత్‌లకీ చిన్న వేషం ఉంది, ముందు వస్తుంది.

చిన్న ఏ, పెద్ద ఏ

డయల్ చేయడం వచ్చింది గానీ మాకు కావల్సింది తలకిందులు. నా ల్యాప్‌టాప్ ఫోన్ చేయాలి, పాత మెషీన్ ఎత్తాలి, ఎత్తి "లాగిన్" అని అడగాలి. అప్పుడే నేను లోపలికి వెళ్లి ఫైళ్లు తెచ్చుకోగలను.

ఇక్కడ ఎస్‌సీఓలో ఓ తమాషా ఉంది. ఒకే పోర్టుకి రెండు పేర్లు. ఒకటి 'టీటీవై2ఏ'లో చివరి ఏ చిన్నది, రెండోదాంట్లో పెద్దది. చిన్న ఏతో తెరిస్తే మెషీన్ అవతల ఎవరైనా ఉన్నారా లేదా అని చూడదు, నేరుగా మాట్లాడుతుంది. మోడెమ్‌కి సెట్టింగులు చెప్పేటప్పుడు అదే కావాలి. పెద్ద ఏతో తెరిస్తే అవతలి మోడెమ్ ఈల, అంటే క్యారియర్, వినిపించేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. ఈల ఆగిపోగానే లాగిన్ అయిన వాణ్ని బయటికి పంపేస్తుంది. లాగిన్‌కి ఇదే ఎందుకు కావాలో ఆలోచించండి. లోపల ఒకరుండగా లైను కట్టయింది. మెషీన్‌కి ఆ సంగతి తెలియకపోతే, తర్వాత ఫోన్ చేసినవాడు పాస్‌వర్డ్ అక్కర్లేకుండా సరాసరి మొదటివాడి కుర్చీలోకే వచ్చి కూర్చుంటాడు. ఒక్క అక్షరం చిన్నదా పెద్దదా అన్నదాని మీద ఇంత భద్రత నడిచిన రోజులవి.

అలాగే మోడెమ్‌కి కూడా నాలుగు ముక్కలు చెప్పాను: క్యారియర్ ఉందో లేదో నిజం చెప్పు, మెషీన్ పొమ్మంటే ఫోన్ పెట్టెయ్, మొదటి రింగుకే ఎత్తు, ఇవన్నీ గుర్తుపెట్టుకో. తర్వాత 'ఎనేబుల్' అనే కమాండ్‌తో పెద్ద ఏ లైను మీద లాగిన్ తెరిచాను. 23 నుంచి 21కి ఫోన్ చేసి చూస్తే ఒక్క రింగుకే ఎత్తి "పీ..." మని సన్నగా ఈల వేసింది. 2,100 హెర్ట్జ్ శబ్దం అది, "ఇక్కడున్నది మనిషి కాదు" అని చెప్పే ఈల. మామ్మ చేతికి రిసీవర్ ఇస్తే విని, "కుక్కర్‌లా ఉందిరా" అని ఇచ్చేసింది.

ల్యాప్‌టాప్ నుంచి డయల్ చేశాను. కీచులాట పదిహేను సెకన్లు. "కనెక్ట్ 14400". తర్వాత ఖాళీ తెర మీద, 1995 నాటి మెషీన్ నుంచి ఒక్క మాట: లాగిన్.

పాస్‌వర్డ్ పెదనాన్నకి సగమే గుర్తుంది. ఏదో పెద్ద పేరు పెట్టారు, చివర ఏ సంవత్సరం తగిలించారో మర్చిపోయారు. పర్లేదు. అప్పటి యూనిక్స్‌లలో చాలావాటికి పాస్‌వర్డ్‌లో మొదటి ఎనిమిది అక్షరాలతోనే పని, తర్వాత ఏం కొట్టినా పట్టించుకోవు. ఆయనకి గుర్తున్న సగం అంతకంటే పొడవే. తలుపు తెరుచుకుంది. (ఆ పేరేంటో చెప్పను గానీ, గోదావరి జిల్లాల వాళ్లు వర్షాకాలంలో దానికోసం ఎంతైనా ఖర్చు పెడతారు.)

14,400 అంటే సెకనుకి అన్ని బిట్లు. తరుగు పోను సెకనుకి సుమారు 1.6 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే 200 కేబీ ఫొటో ఒక్కటి దిగడానికి రెండు నిమిషాలు. 10 ఎంబీ రీల్ అయితే గంటా ముప్పావు. కానీ ఉత్తరాలు అక్షరాలే కదా. నాలుగేళ్ల ఉత్తరాలు మొత్తం కలిపి 900 కేబీ. పది నిమిషాల్లోపే అయిపోయింది. ఆ పది నిమిషాలూ డిస్కు మూలుగు వింటూ ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

ఇంగ్లిష్ బట్టలేసుకున్న తెలుగు

ఫైలు తెరిస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాలే. భాష మాత్రం తెలుగు. మనం ఇప్పుడు చాట్‌లో రాసే టింగ్లిష్ కాదు, కచ్చితమైన లెక్క ఉన్న రాత. చిన్న టీ అయితే త, పెద్ద టీ అయితే ట. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. మళ్లీ చిన్నా పెద్దా గొడవే!

దీని పేరు ఆర్‌టీఎస్. 90ల మొదట్లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనే ఇద్దరు తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి ఇది. కంప్యూటర్లలో తెలుగు ఫాంట్లు అందరికీ అందని రోజుల్లో, ఇంటర్నెట్ చర్చల్లో తెలుగువాళ్లు కవిత్వం నుంచి కయ్యాల దాకా అన్నీ ఇందులోనే రాసుకున్నారు. ఇప్పుడు లేఖినిలో మనం ఇంగ్లిష్ కీబోర్డుతో కొట్టే తెలుగుకి మూలం ఇదే. అన్నట్టు మోడెమ్ తీగల్లో కూడా ఆర్‌టీఎస్ అని ఒకటుంది, "పంపనా?" అని అడిగే తీగ. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, నాకు మాత్రం ఆ రాత్రి బాగా నవ్వొచ్చింది.

నియమం కచ్చితంగా ఉంది కాబట్టి పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాస్తే ఉత్తరాలన్నీ తెలుగు లిపిలోకి మారిపోయాయి. మొత్తం 181.

పెదనాన్న వీటిని ఎలా దించేవారో అప్పుడు అర్థమైంది. వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, అదీ ముందు పెద్ద నగరాల్లో. బొమ్మలు కనిపించే ఖాతా ఖరీదు, ఒట్టి అక్షరాలు కనిపించే షెల్ ఖాతా చవక. పెదనాన్నది చవకది. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి ఎస్టీడీ చేయాలి. రాత్రి పొద్దుపోయాక రేటు నాలుగో వంతుకి పడిపోయేది. ఆ వేళకి ఊళ్లో ఎస్టీడీ బూత్‌ల ముందు క్యూలు ఉండేవి, లైన్లన్నీ బిజీ. దొరికేదాకా మోడెమ్ మళ్లీ మళ్లీ డయల్ చేస్తూనే ఉండేది. దొరికాక ఉత్తరాన్ని తెర మీద పారించి, పారిందంతా ఫైలులోకి పట్టేవారు. అందుకే ప్రతి ఉత్తరం పైనా కిందా అవతలి మెషీన్ మెనూలు, అక్కడక్కడా లైను గరగరలకి పుట్టిన పిచ్చి గుర్తులు కూడా ఉన్నాయి. వాటిని నేను తీసేయలేదు.

మామ్మకి రోజుకి నాలుగైదు చొప్పున చదివాం. వంతులు పెదనాన్నవి, నావి. ఏ ఆగస్టులో రాసినా బాబాయి మొదటి ప్రశ్న ఒకటే: "ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందమ్మా?" మామ్మకి అన్నీ గుర్తున్నాయి. చదువుతుంటే ముందే అందుకునేది.

2000 నవంబరు ఉత్తరం ఒకటి మధ్యలో తెగిపోయింది. "ఈసారి సంక్రాంతికి సెలవు దొరికితే" దగ్గర వాక్యం ఆగి, కింద లైనులో మోడెమ్ రాసిన మాట ఉంది: నో క్యారియర్.

"ఆ వేళ లైను కట్టయిపోయిందమ్మా" అన్నారు పెదనాన్న. "మర్నాడు మళ్లీ తీసి ప్రింటు కొట్టాను. ఆ ఫైలు ఉంచలేదు."

"నువ్వు ఉంచకపోతే ఏం, నువ్వే చదివావుగా" అంది మామ్మ. "సెలవు దొరికితే వస్తాను, దొరక్కపోతే పూతరేకులు పంపొద్దు, విరిగిపోతున్నాయి, ఆవకాయ పంపు చాలు, నాన్న చొక్కా సైజు ఎంతో రాయి అన్నాడు."

నో క్యారియర్ అన్న మాట అలాగే ఉంచి, దాని కింద మామ్మ చెప్పింది చెప్పినట్టు టైప్ చేశాను. పక్కన ఆవిడ పేరు, తారీఖు వేశాను.